గ్వార్ బేరానికి చమురు బావుల నీటి లెక్క

2012 మార్చిలో జోధ్‌పూర్ మార్కెట్టులో గ్వార్ గమ్ క్వింటాలు లక్ష రూపాయల దగ్గర పలికింది. అంతకు రెండేళ్ళ ముందు అదే సరుకు అయిదారు వేలకు దొరికేది. గింజల ధర కూడా 30 వేల దాకా ఎగబాకింది. ధారణలు ఈ విధంగా కట్టు తప్పడంతో ఫార్వర్డ్ మార్కెట్స్ కమిషన్ ఆ నెల 27న గింజలలోను, గమ్‌లోను వాయిదా వ్యాపారాన్ని నిలిపివేసింది. తిరిగి 2013 మే 14న గాని వాయిదా లావాదేవీలు మొదలు కాలేదు. ఈలోగా ధర దిగివచ్చింది. తేజీ చివరలో కొని గోదాములో పెట్టుకున్నవారు చేతులు కాల్చుకున్నారు.

ఉత్తరాది మండీలలో గ్వార్ అని పిలిచేది మన గోరుచిక్కుడునే. తెలంగాణలో గోకరకాయ అంటారు. మన వైపు కాయ కూరకు పోతుంది. రాజస్థాన్‌లో గింజ మిల్లుకు పోతుంది. గింజ పైపొట్టు, మొలక తీసివేయగా మిగిలే పప్పు వంటి భాగాన్ని పిండి చేస్తే గమ్ వస్తుంది. నూరు బస్తాల గింజకు దరిదాపు ముప్పయి బస్తాల గమ్ దిగుతుంది. మిగిలినది చూరీ, కోర్మా పేరిట పశువుల దాణాకు పోతుంది. ప్రపంచంలో పండే గ్వార్‌లో నూటికి 80 వంతులు మన దేశానిదే; అందులో సింహభాగం రాజస్థాన్‌ది. ఆహార పదార్థాలలో, బట్టల అద్దకంలో, కాగితం మిల్లులలో దీని వాడకం ఏనాటి నుంచో ఉన్నది. 2012 నాటి తేజీ మాత్రం అమెరికా చమురు బావుల నుంచి వచ్చింది.

ఈ సరుకులో బేరం చేసేవారు అప్పటి నుంచి రెండు విషయాలు తప్పక చూస్తున్నారు. రాజస్థాన్‌లో వానలు ఎలా ఉన్నాయన్నది ఒకటి, ముడి చమురు ధర ఎటు నడుస్తున్నదన్నది రెండవది. చమురు పెరిగితే బావులు పెరుగుతాయి, బావులు పెరిగితే గ్వార్‌కు గిరాకీ పెరుగుతుంది అన్నది వారి లెక్క. ఈ లెక్క ఒకప్పుడు సరిగానే పనిచేసింది. తర్వాత పనిచేయలేదు. 2012-13లో మన దేశం 4 లక్షల టన్నుల పైచిలుకు గమ్ ఎగుమతి చేసి 21 వేల కోట్ల రూపాయలకు మించి రాబట్టింది. పదేళ్ళ తర్వాత, 2022-23లో, దాదాపు అన్ని టన్నులే ఎగుమతి అయితే వచ్చినది 5 వేల కోట్ల లోపు. అంటే సగటున క్వింటాలుకు 52 వేలు పలికిన సరుకు 12 వేలకు దిగింది. ఈ పదేళ్ళలో అమెరికా చమురు ఉత్పత్తి తగ్గలేదు సరికదా, రెట్టింపుకు చేరువైంది. గ్వార్ సాగు విస్తరించి సరుకు పెరిగిన మాట నిజమే. అయితే అంతకంటె పెద్ద కారణం ఒకటి ఉన్నది. చమురు కంపెనీలు నీటిని తెచ్చే తీరు, వాడిన నీటిని వదిలించుకునే తీరు ఈ కాలంలో పూర్తిగా మారిపోయాయి.

నీరు, ఇసుక, బంక

అమెరికాలో ఇప్పుడు వస్తున్న చమురు, గ్యాసులలో అధిక భాగం షేల్ అనే గట్టి పలకరాతి పొరల లోనిది. మామూలు బావికి ఈ రాయి చమురు వదలదు. బావిని నిలువుగా మూడు వేల మీటర్ల వరకు దించి, అక్కడి నుంచి అడ్డంగా మరో రెండు మూడు కిలోమీటర్లు తొలిచి, లోపలికి నీటిని విపరీతమైన ఒత్తిడితో పంపి రాతిని పగలగొట్టాలి. దీనినే ఫ్రాకింగ్ అంటారు. పగిలిన సందులు తిరిగి మూసుకోకుండా నీటితోబాటు ఇసుకను పంపుతారు. నీరు వెనక్కు వస్తుంది, ఇసుక సందుల్లో నిలిచిపోతుంది, ఆ ఇసుక గుండా చమురు ఊరుతుంది.

పద్ధతి కొత్తదేమీ కాదు. 1947లో కాన్సాస్ రాష్ట్రంలో దీనిని మొదట ప్రయోగించినప్పుడు వాడినది చిక్కబరచిన పెట్రోలు. 1949లో ఒక్లహామాలోని డంకన్ సమీపాన హాలిబర్టన్ కంపెనీ దీనిని వ్యాపార స్థాయిలో ఆరంభించింది. క్రమంగా పెట్రోలు స్థానంలో నీరు వచ్చింది, చౌక గనుక.

వట్టి నీటిలో ఇసుక నిలవదు, అడుగుకు దిగిపోతుంది. అందుచేత నీటిని గంజిలా చిక్కబరచాలి. ఇక్కడే గ్వార్ అవసరపడింది. గమ్ పొడిని నీటిలో కలిపి, దానికి బోరాన్ లవణం చేర్చి, క్షారగుణం పెంచితే జున్నులా బిగుసుకుంటుంది. ఇసుకను ఎంత దూరమైనా మోస్తుంది. పని ముగిసిన తర్వాత మరో మందు వేసి దానిని తిరిగి పలుచన చేసి బయటకు రాబడతారు. వెయ్యి గ్యాలన్ల నీటికి 25 పౌండ్ల గమ్ చొప్పున వేసుకున్నా పది లక్షల గ్యాలన్లకు 11 టన్నుల పైచిలుకు కావాలి. అంటే సుమారు 38 టన్నుల గింజ. ఒక్కొక్క బావికి అటువంటి లక్షల గ్యాలన్లు ఎన్ని పడతాయో, అటువంటి బావులు ఏడాదికి ఎన్ని వేలో చూసుకుంటే 2012లో జోధ్‌పూర్ ఎందుకు వేడెక్కిందో తెలుస్తుంది. ఆ ఏడు గ్వార్ ధర తమ లాభాలను తినివేస్తున్నదని హాలిబర్టన్ కంపెనీయే వాటాదారులకు చెప్పుకోవలసి వచ్చింది.

కొనేవాడు ఏడిస్తే అమ్మేవాడు సంతోషించడం బజారులో సహజం. కాని ఏడ్చినవాడు ఊరకే కూర్చోడు. ప్రత్యామ్నాయం అప్పటికే టెక్సాస్‌లో సిద్ధంగా ఉన్నది. 1990 దశకం చివర బార్నెట్ షేల్ ప్రాంతంలో మిచెల్ ఎనర్జీ కంపెనీ బంకతో పని లేకుండా పలుచని నీటితోనే రాతిని పగలగొట్టవచ్చునని రుజువు చేసింది. పాలీ ఎక్రిలమైడ్ జాతికి చెందిన, గొట్టంలో రాపిడి తగ్గించే రసాయనాన్ని అతి కొద్దిగా కలిపితే చాలు. దీనికి స్లిక్‌వాటర్ అని పేరు. పలుచని నీరు ఇసుకను బాగా మోయలేదన్న లోపాన్ని రెండు విధాలుగా పూడ్చారు: నీటిని ఎక్కువగా, వేగంగా పంపడం, ఇసుకను సన్నరకం వాడడం. 2014 మధ్య నుంచి ముడి చమురు ధర పడిపోయి, 2016 ఆరంభంలో పీపా 30 డాలర్ల లోపుకు దిగినప్పుడు ప్రతి కంపెనీ ఖర్చు కోసుకోవలసి వచ్చింది. అంతవరకు బంక వదలని ఉత్తర డకోటా బావులు కూడా పెద్ద ఎత్తున స్లిక్‌వాటర్‌కు మళ్ళాయి. 2015-16లో మన గమ్ ఎగుమతి 3.25 లక్షల టన్నులకు, 3,200 కోట్ల రూపాయలకు పడిపోయింది.

బంక తగ్గింది, నీరు పెరిగింది. గ్వార్ వర్తకులు శ్రద్ధగా చూడవలసినది ఇక్కడి నుంచి.

టి.ఎం.సి.లలో చెప్పుకుంటే

2010 ప్రాంతంలో ఒక షేల్ బావికి 40, 50 లక్షల గ్యాలన్ల నీరు సరిపోయేది. ఇప్పుడు పశ్చిమ టెక్సాస్, న్యూ మెక్సికోలలో వ్యాపించిన పర్మియన్ ప్రాంతంలో పొడవైన బావికి నాలుగు లక్షల పీపాలు పట్టడం మామూలు. పీపా అంటే 42 అమెరికన్ గ్యాలన్లు, సుమారు 159 లీటర్లు. ఆ చొప్పున బావికి 6 కోట్ల 36 లక్షల లీటర్లు. మన ప్రాజెక్టుల లెక్కలో చెప్పుకుంటే 445 బావులకు ఒక టి.ఎం.సి. నీరు. డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రకటించిన లెక్క ప్రకారం 2011, 2016 మధ్య బావికి వాడే నీరు కొన్ని ప్రాంతాలలో 770 శాతం వరకు పెరిగింది. తొలి ఏడాదిలో బావి నుంచి బయటకు వచ్చే మురికి నీరు 1,440 శాతం వరకు పెరిగింది.

టెక్సాస్‌లో భూగర్భ జలం భూమి యజమానిది. పశువుల మేత తప్ప మరేమీ పండని బీడులోని రైతు కూడా బోరు వేసి చమురు కంపెనీకి నీరు అమ్ముకుంటాడు. 2013 ఎండలలో బార్న్‌హార్ట్ అనే చిన్న ఊరికి నీరిచ్చే బావి ఎండిపోయి కుళాయిలు ఆగిపోయిన ఉదంతం పత్రికలకెక్కింది. ఊరి చుట్టూ నీటి అమ్మకం మాత్రం సాగింది. వర్తకుడికి అర్థమయ్యే విషయమే ఇది. సరుకు దొరకనప్పుడు డబ్బున్నవాడికి దొరుకుతుంది.

అయితే తెచ్చే నీటికంటె పోయే నీరే పెద్ద తలనొప్పి. బావిలోకి పంపిన నీటిలో కొంత మొదటి వారాలలోనే వెనక్కు వస్తుంది. ఆ తర్వాత చమురుతోబాటు రాతిలో యుగాలుగా నిలిచిన ఉప్పునీరు బావి బతికినంత కాలం వస్తూనే ఉంటుంది. పర్మియన్‌లో ఒక పీపా చమురుకు మూడు నాలుగు పీపాల ఉప్పునీరు వస్తుంది. సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉంటే, ఇందులో నూరు గ్రాములకు మించి ఉండవచ్చు. దానికితోడు ఇనుము, బేరియం, బోరాన్, చమురు జిడ్డు, కొన్ని చోట్ల రేడియో ధార్మిక పదార్థాలు. పొలానికి పనికిరాదు, ఏటిలో వదలడానికి వీల్లేదు. పర్మియన్ అంతటా కలిపి రోజుకు రెండు కోట్ల పీపాల మేర ఇటువంటి నీరు పైకి వస్తున్నది. తొమ్మిది రోజులకు ఒక టి.ఎం.సి.

ఖర్చు చూద్దాం. గొట్టం మీద తరలించి పారబోస్తే పీపాకు డాలరు లోపు పడుతుంది. లారీ ట్యాంకరు మీద పంపితే రెండు మూడు డాలర్లు, దూరమైతే ఇంకా ఎక్కువ. పీపా చమురుకు నాలుగు పీపాల నీరు వచ్చే బావిలో గొట్టం ఉంటే నీటి ఖర్చు రెండు మూడు డాలర్లు. లారీ అయితే పది డాలర్లు. చమురు 100 డాలర్లు ఉన్నప్పుడు ఇది కనబడదు. 50కి దిగినప్పుడు బావి ఉండేదీ మూతబడేదీ దీనిమీద తేలుతుంది. చమురు ధర ఒక్కటే చూసి బావుల సంఖ్యను అంచనా కట్టేవారు దెబ్బతినేది ఇక్కడే.

పారబోయడానికి చోటెక్కడ

ఈ నీటిని భూమిలోకే లోతుగా దించివేయడం అమెరికాలో పాత ఆనవాయితీ. అందుకు వేరే పారబోత బావులు ఉంటాయి. ఆ బావులు లేని చోట ఏమవుతుందో పెన్సిల్వేనియా చూపింది. మార్సెలస్ షేల్ పొర ఉన్న ఆ రాష్ట్రంలో నేల తీరు వల్ల పారబోత బావులు బహు తక్కువ. మొదట్లో మురుగునీటి శుద్ధి కేంద్రాలకు పంపి, అక్కడి నుంచి నదులలోకి వదిలారు. శుద్ధి కేంద్రాలు ఉప్పును తీయలేవు. 2011 మే 19 నుంచి ఆ పద్ధతి మానుకోవాలని రాష్ట్ర ప్రభుత్వం కంపెనీలను కోరింది. కొంత నీటిని లారీలలో పొరుగున ఉన్న ఒహాయోకు పంపారు. ఆ ఏడాది చివరి రోజున ఒహాయోలోని యంగ్స్‌టౌన్‌లో భూమి కంపించింది. అక్కడి పారబోత బావి కారణమని తేలింది. ఇక గత్యంతరం లేక పెన్సిల్వేనియా కంపెనీలు వచ్చిన నీటిని వడగట్టి, తర్వాతి బావికి వాడడం నేర్చుకున్నాయి. తిరిగి వాడకంలో దేశానికి దారి చూపినది ఆ రాష్ట్రమే.

ఒక్లహామా కథ వేరు. అక్కడ పారబోతకు ఆర్బకుల్ అనే లోతైన పొర అడిగినంత నీరు తాగేది. ఆ పొర అడుగున గట్టి మూలశిల, అందులో పాత పగుళ్ళు. నీటి ఒత్తిడి పగుళ్ళకు చేరి అవి జారసాగాయి. 2009కి పూర్వం ఆ రాష్ట్రంలో 3 తీవ్రతకు మించిన భూకంపాలు ఏటా ఒకటో రెండో. 2015లో 900 వరకు. 2016 సెప్టెంబరు 3న పానీ పట్టణం దగ్గర 5.8 తీవ్రతతో భూమి కంపించగా చుట్టుపక్కల 37 పారబోత బావులను మూయించారు. న్యాయంగా చెప్పాలంటే ఆ నీటిలో ఎక్కువ భాగం ఫ్రాకింగ్‌కు వాడినది కాదు, చమురుతో సహజంగా వచ్చిన ఉప్పునీరే. భూమికి ఆ తేడా పట్టదు.

అదే ఏడాది నవంబరు 6న 5.0 తీవ్రతతో భూకంపం వచ్చిన ఊరు కుషింగ్. న్యూయార్క్ ఎక్స్ఛేంజిలో ముడి చమురు వాయిదా బేరాలకు సరుకు అప్పగించే స్థలం అది. ఊరిలో పాత ఇటుక కట్టడాలు దెబ్బతిన్నాయి. చమురు ట్యాంకులకు నష్టం కలగలేదు. కలిగి ఉంటే ఆ సోమవారం ముడి చమురు ధారణ ఏ విధంగా ఉండేదో వేరే చెప్పనక్కరలేదు.

తర్వాతి వంతు టెక్సాస్‌ది. అక్కడ చమురు వ్యవహారాలు చూసేది రైల్‌రోడ్ కమిషన్. పేరులో రైలు ఉన్నా 2005 నుంచి రైళ్ళతో దానికి పనిలేదు. 2021లో ఆ కమిషన్ మిడ్‌లాండ్, ఒడెస్సా పట్టణాల సమీపాన గార్డెన్‌డేల్ ప్రాంతంలో భూకంపాల కారణంగా మొదట పారబోతను తగ్గించి, డిసెంబరులో లోతైన బావులను ఆపివేయించింది. 2022 నవంబరు 16న పర్మియన్ పడమటి భాగంలో 5.4 తీవ్రతతో భూమి కంపించింది. లోతు వద్దనడంతో నీటిని పై పొరలలోకి దించారు. అక్కడ ఒత్తిడి పెరిగి, ఎప్పుడో వదిలివేసిన పాత బావుల నుంచి ఉప్పునీరు పైకి చిమ్మడం మొదలైంది. 2025 జూన్ 1 నుంచి కొత్త పారబోత బావులకు అనుమతుల నిబంధనలను బిగించారు. ఒత్తిడికి హద్దు పెట్టారు, చుట్టూ అర మైలు దాకా పాత బావుల స్థితి చూపించాలన్నారు.

ఉప్పునీరు, గ్వార్

పారబోత కష్టమైన కొద్దీ తిరిగి వాడకం పెరుగుతుంది. ఇది గ్వార్‌కు మేలా, కీడా?

ఉప్పునీటిలో గ్వార్ పనికిరాదన్న మాట బజారులో వినబడుతుంటుంది. అది సగమే నిజం. గమ్ పొడి ఉప్పునీటిలోనూ నానుతుంది, చిక్కబడుతుంది. చిక్కు వచ్చేది దానిని బిగింపజేసే దశలో. వాడిన నీటిలో సహజంగా ఉన్న బోరాన్ పొడి నానకముందే దానిని ఉండలు కట్టిస్తుంది. క్షారగుణం పెంచబోతే కాల్షియం, మెగ్నీషియం తెల్లని మడ్డిగా దిగి, వేసిన క్షారాన్ని మింగేస్తాయి. నీటిలోని సూక్ష్మక్రిములకు గ్వార్ మంచి ఆహారం; వాటిని చంపడానికి మరో మందు కావాలి. నీటిని శుద్ధి చేసుకుంటే ఇవన్నీ తీరుతాయి గాని ఖర్చు పెరుగుతుంది.

నిజానికి ఉప్పుకు ఎక్కువగా లొంగినది గ్వార్ కాదు, దాని పోటీదారు. మొదటి రకం పాలీ ఎక్రిలమైడ్ ఉప్పునీటిలో ముడుచుకుపోయి పనిచేసేది కాదు. తిరిగి వాడకం పెరిగితే కంపెనీలు మళ్ళీ గ్వార్ వైపు చూస్తాయని ఆశించడానికి అప్పట్లో ఆధారం ఉన్నది. కాని 2010 దశకం నడుమ నుంచి ఉప్పును తట్టుకునే రకాలు, వాటి వెనుకనే ఇసుకను కూడా మోయగల చిక్కని రకాలు బజారుకు వచ్చాయి. ఆ తలుపు చాలావరకు మూసుకుపోయింది. వేడి ఎక్కువగా ఉండే లోతైన బావులలో, ముతక ఇసుకను దూరం మోయవలసిన చోట, మామూలు చమురు బావులలో బిగించిన గ్వార్ జావకు నేటికీ పని ఉన్నది. 2018-19లో ఎగుమతి తిరిగి 5 లక్షల టన్నులు దాటడం ఇందుకు నిదర్శనం. కాని ఆ సరుకుకు వచ్చినది 4,700 కోట్లే. టన్నులు వచ్చినంతగా ధర రాలేదు. కొనేవాడి చేతిలో ప్రత్యామ్నాయం ఉన్న సరుకు తీరు ఇలాగే ఉంటుంది.

టెక్సాస్‌లో పారబోత బావులు మూశారన్న వార్త వచ్చినప్పుడు జోధ్‌పూర్, శ్రీగంగానగర్ బజార్లలో దానిని రెండు విధాలుగా చదివేవారు ఉంటారు. నీటికి చోటు లేక బావులు తగ్గుతాయి గనుక మందీ అని కొందరు. నీరు తక్కువ పట్టే బంక పద్ధతికి తిరిగి వస్తారు గనుక తేజీ అని కొందరు. ఇంతవరకు జరిగినది ఈ రెండూ కాదు. కంపెనీలు నీటిని గొట్టాల మీద దూరం తరలించాయి, గుంటలలో నిల్వ చేశాయి, తిరిగి వాడాయి. కొందరు భూస్వాములకు, నీటి కంపెనీలకు అది చమురుకు దీటైన ఆదాయమైంది. బావులు ఆగలేదు, బంకా తిరిగి రాలేదు. అటువంటి వార్త మీద ఒక్క రోజు బేరానికి దిగవచ్చునేమో గాని గోదాము నింపడం తగదు.

చూడదగిన గుర్తులు వేరే ఉన్నాయి. చమురు సేవల కంపెనీలు మూడు నెలలకొకసారి ఇచ్చే నివేదికలలో రసాయనాల ఖర్చు మీద ఏమంటున్నాయి, పాలీ ఎక్రిలమైడ్ ముడిసరుకు ధర ఎటు పోతున్నది, పారబోత ఛార్జీ గొట్టం మీద ఎంత, లారీ మీద ఎంత. వీటిలో పాలీ ఎక్రిలమైడ్ ధర ముఖ్యం. గ్వార్ ధరకు అది పైకప్పు వంటిది. గమ్ ధర ఆ కప్పును తాకితే కొనుగోలుదారు మారిపోతాడని 2012 అనుభవం చెబుతున్నది.

నాణ్యత విషయంలోనూ నీటి ప్రసక్తి ఉన్నది. మిల్లుల వారు గమ్ చిక్కదనాన్ని మంచినీటిలో కొలిచి చూపుతారు. చమురు సేవల కంపెనీలు తమ బావి దగ్గర దొరికే నీటితోనే కలిపి చూస్తాయి. ఎన్ని నిమిషాలలో నానింది, ఎంత చిక్కబడింది, అడుగున ఎంత మడ్డి మిగిలింది అన్నది అక్కడి లెక్క. మంచినీటిలో ఒకే అంకె చూపిన రెండు నమూనాలు ఉప్పునీటిలో వేరు వేరుగా నడవవచ్చు. ఎగుమతి ఒడంబడికలో పరీక్ష ఏ నీటితో అన్నది ముందే రాయించుకోని సరుకు రేవు దాటిన తర్వాత తిరస్కారానికో, ధర కోతకో గురికావచ్చు. రానూపోనూ రవాణా ఖర్చు అప్పుడు అమ్మినవాడి నెత్తినే పడుతుంది.